చూసినవాడికి రెట్టింపు

మూడు ముక్కలాటలో ఒకసారి పంచాక ముక్క మారదు. రమ్మీలోలా తీసుకోవడం, పారేయడం ఉండవు. చేతికి వచ్చిందే లెక్క. పంచిన తర్వాత కదిలేది డబ్బొక్కటే కాబట్టి, ఆటను రూపొందించినవాళ్ల పనితనమంతా పందెం నియమాల్లోనే కనిపిస్తుంది.

ముందు ముక్కల సంగతి. 52 ముక్కల కట్టలోంచి మూడేసి ముక్కలు 22,100 రకాలుగా పడవచ్చు. మూడూ ఒకే విలువైతే ట్రైలు, అవి 52 రకాలు. ఒకే గుర్తులో వరుస పడితే ప్యూర్ సీక్వెన్సు, 48 రకాలు. అరుదు అదే అయినా పెద్దపీట మాత్రం ట్రైలుకే. అక్కణ్నుంచి అంతస్తులు లెక్క ప్రకారమే దిగుతాయి: గుర్తులు కలవని సీక్వెన్సు 720, వరుస లేకుండా మూడూ ఒకే గుర్తైతే కలరు, 1,096; జత 3,744. మిగిలిన 16,440 చేతులకు పెద్ద ముక్కే దిక్కు. ఐదు ముక్కల పోకర్‌లో కలరు 5,108 రకాలు, సీక్వెన్సు 10,200. అందుకే అక్కడ కలరు సీక్వెన్సును కొడుతుంది. ముక్కల సంఖ్య మారితే పెద్దరికమూ మారింది.

ఇక పందెం. పంచేముందు అందరూ సమానంగా బూటు (తొలి పందెం) వేస్తారు. ముక్కలు ఎత్తకుండా బ్లైండు ఆడేవాడు పది రూపాయలు కడితే, చూసి ఆడేవాడు కనీసం ఇరవై కట్టాలి. ఆ ఇరవై తర్వాత వచ్చే బ్లైండుకు మళ్లీ పదే చాలు. చూసినవాడు నలభైకి పెంచితే బ్లైండు వంతు ఇరవై. ఒకటికి రెండు అనే ఈ నిష్పత్తి చివరిదాకా చెదరదు. తన చేతిలో ఏముందో తెలుసుకోవడానికి ఆట కట్టిన వెల అది.

ఇద్దరే మిగిలాక షో, అంటే ముక్కలు విప్పి పోల్చడం, అడగవచ్చు. ఎదుటివాడు ఇంకా బ్లైండులో ఉంటే, చూసినవాడికి ఆ హక్కు లేదనేది చాలాచోట్ల పాటించే నియమం. అతను కడుతూ పోవాలి, లేదా ముక్కలు పడేయాలి. రెండు చేతులూ సమానమైతే షో అడిగినవాడే ఓడిపోతాడు. సందేహం తీర్చుకోవడానికీ వెల ఉందన్నమాట.

సికింద్రాబాద్ క్లబ్బు ఒకదానిపై నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యం ఉందని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని వేరు చేసింది. ముక్కల వరకు ఆ మాటకు తిరుగులేదు. పందెం సంగతి వేరు. డబ్బు బదులు చింతగింజలు పెట్టి ఆడి చూడండి: ఎవరూ ముక్కలు పడేయరు, వట్టి చేతులు కూడా షో దాకా వస్తాయి, బెదిరింపుకు విలువే ఉండదు. పోగొట్టుకుంటే బాధ కలిగేంత సొమ్ము మధ్యలో ఉంటేనే పై నియమాలు పనిచేస్తాయి. ఈ ఆట పనితనాన్ని మెచ్చుకోవడానికీ, దానికి దూరంగా ఉండటానికీ కారణం ఒక్కటే.