వాటం ఎటు?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇళ్ల ప్లాన్లు గీయడం నా పని. వచ్చినవాళ్లు మొదట అడిగేది, ‘అప్రూవల్ ఎన్నాళ్లకొస్తాది సార్?’ అని. నీళ్ల వాటం ఎటని అడిగేది మేస్త్రి. అదీ పునాది తీశాక.

2017 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 119, సెట్‌బ్యాకులు, ఎత్తు, రోడ్డు వెడల్పు అన్నీ కొలుస్తాయి. ఇంకుడు గుంత సరేసరి. స్థలంలో ఎంత మట్టి పోసి లేపుతున్నావు, దాని మీద పడ్డ వాన నీళ్లు ఎవరి గోడ కిందికి పోతాయి అని మాత్రం చిన్న ఇళ్ల ప్లాన్లలో నన్ను అడిగినవాళ్లు లేరు. జాతీయ భవన నియమావళి ప్రకారం పునాది చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. ఏ నేల కంటే? పాత రోడ్డు మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తే నేలే పైకి లేస్తుంది. అందుకని కట్టేవాళ్లు ముందే మూడు నాలుగడుగులు లేపేస్తారు. పక్కిల్లు పల్లమైపోతుంది. తమిళనాడులో 2021లో ప్రధాన కార్యదర్శి ఇరై అన్బు రోడ్డు పాత పొర చెక్కాకే కొత్తది వేయాలని ఆదేశించారు. మనకూ అది కావాలి.

ఎమ్మిగనూరు మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. గుంటమగ్గం ఉన్న ఇంట్లో నేసేవారి కాళ్లు నేల మట్టానికి కిందుంటాయి. వీధి లేచిందంటే వాన నీళ్లు ముందు చేరేది ఆ గుంటలోకే. నేత ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఆపైన మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఏటా పక్కింటి నీళ్లు పునాది పక్కన ఇంకితే గోడ పగలక ఏం చేస్తుంది?

చట్టం లేక కాదు. ఆదోని బళ్లారి జిల్లాలో ఉన్న కాలం నాటిది, 1882 ఈజ్‌మెంట్స్ చట్టం. మెరక మీద పడిన వాన నీటిని దాని దారిన పారనివ్వాల్సిందే, పల్లంలో ఉన్నవారు అడ్డుకోకూడదంటుంది. ట్రాక్టర్లతో మట్టి తోలి చేసుకున్న మెరకకు అదే హక్కు ఉందనడం కష్టం. కానీ గోడ పగులు కోసం కోర్టుకు ఎక్కేదెవరు?

పునాదికి ముందే మట్టం సంగతి పట్టించుకునేవాడు ఒక్కడే, వాస్తు సిద్ధాంతి. ఈశాన్యం పల్లంగా ఉండాలంటాడు. వీధి కాలువ దక్షిణాన ఉన్నా ఇంటివాళ్లు నీళ్లను ఈశాన్యానికి పంపి, మళ్లీ పైపేసి వెనక్కి తిప్పుకొస్తారు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు. అయినా ఏ మూల ఎత్తో, ఏ మూల పల్లమో స్థలంలో నిలబడి చూసేది ఆయనే.

స్థలం నాలుగు మూలల మట్టాలు, వీధి కాలువ మట్టం ప్లానులో రాయించాలి. పునాది లేచేటప్పుడు వార్డు ప్లానింగ్ సెక్రటరీ వచ్చి మేస్త్రి దగ్గరున్న లెవెల్ పైపు పట్టించి చూస్తే చాలు, పెద్ద పనేం కాదు. ఎవరూ అడక్కపోయినా నా ప్లాన్లలో ఆ అంకెలు రాస్తున్నాను. మొన్న ఒకాయన వాటి మీద వేలు పెట్టి, ‘ఇవి తీసేయ్ సార్, రేపు పక్కింటోళ్లు ఇదే కాగితం పట్టుకొని కొట్లాటకొస్తారు’ అన్నాడు.