మట్టి చదువు – మన విమర్శ

ఈ మధ్య మన కథల్లో ఒక కొత్త నాయకుడు తరచుగా కనిపిస్తున్నాడు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పెద్ద జీతం తీసుకుంటూ వుంటాడు. మనసు బాగుండదు. ఎవరో చెబితే ఫుకువోకా పుస్తకం చదువుతాడు. ఊళ్ళో రెండెకరాలు కొంటాడు. ఎరువులూ పురుగుమందులూ మానేస్తాడు. వానపాములు తిరిగివస్తాయి, పిట్టలు వాలతాయి, అతనికి నిద్ర పడుతుంది. అంతటితో కథ అయిపోతుంది.

నిరుడు వర్షాకాలంలో కొత్తపేటలో ఒక మిత్రుని ఇంట్లో పదిమందిమి కూర్చున్నప్పుడు ఒక యువ రచయిత ఇటువంటి కథే చదివాడు. చదవడం కాగానే సభ రెండు పక్షాలుగా చీలింది. ఇది పచ్చి పలాయనవాదమన్నారు కొందరు. మీకు నినాదం తప్ప నేల కనపడదన్నారు మరికొందరు. మొదటి పక్షం నన్ను తమవాడిగానే లెక్కవేసుకుంది. నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ఆ రచయిత నమ్మకాన్ని న్యాయంగా చెప్పాలి. నేల అంటే ఎరువు పోసి పంట తీసుకునే పాత్ర కాదనీ, వేరూ బూజూ వానపామూ పేడా రాలిన ఆకూ ఒకదాన్నొకటి ఆనుకుని బతికే వ్యవస్థ అనీ అతని వాదన. ఇది వట్టి భావుకత కాదు, శాస్త్రమే. చెట్టు ఆకులో తయారుచేసుకున్న చక్కెరలో కొంత వేళ్ళ ద్వారా మట్టిలోని శిలీంధ్రాలకు అందుతుంది. వేరు చేరలేని చోటినుంచి భాస్వరాన్ని తెచ్చి అవి చెట్టుకు ఇస్తాయి. ఈ చదువు చదివినవాడు క్రమంగా తననూ అలాగే చూసుకోవడం నేర్చుకుంటాడట, తాను విడి వస్తువు కాదనీ, అనేక సంబంధాల ముడి అనీ. దీన్నే వాళ్ళు వ్యక్తి వికాసం అంటున్నారు.

భౌతికవాదికి ఇందులో అభ్యంతరం ఏముంది? వస్తువులను సంబంధాలలో, చలనంలో చూడమన్నది మనకు కొత్త పాఠం కాదు. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ యంత్ర పరిశ్రమనూ వ్యవసాయాన్నీ కలిపి చర్చించాడు. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ పరిశోధనలను శ్రద్ధగా చదివిన ఆయన, జనం పట్నాల్లో పోగుపడే కొద్దీ, తిండిగానూ బట్టగానూ నేలనుంచి పోయిన సారం తిరిగి నేలకు చేరడం లేదని గుర్తించాడు. పెట్టుబడిదారీ సేద్యం కూలివాణ్ణీ నేలనూ ఒక్కసారే దోస్తుందన్నది ఆయన నిర్ధారణ. మనం అందులో సగమే చదువుకున్నాం. కూలివాడు కంఠస్థమయ్యాడు. నేల మరుపున పడింది.

ఆ రెండో సగం అర్థం కావడానికి నాకు గ్రంథం కన్నా గడ్డిఅన్నారం ఎక్కువ ఉపయోగపడింది. పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోక ముందు, అంటే 2022కు ముందటి మాట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో బస్సు ఆగినప్పుడల్లా కుళ్ళిన పండ్ల వాసన లోపలికి వచ్చేది. నల్లగొండ బత్తాయి విజయవాడ రోడ్డు మీదుగా లారీల్లో దిగేది. ఆ నేల సారం కొంత ఆ కాయల్లోనే పట్నానికి వచ్చింది. తొక్క చెత్తలారీ ఎక్కింది. తిన్నవాళ్ళ మురుగు మూసీలో పడింది. ఆ మూసీ నాగోలు దాటి మళ్ళీ నల్లగొండ వైపే పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నల్లగొండ సారం నల్లగొండకే పోతున్నదన్నమాట. అయితే అది ఎరువుగా పోవడం లేదు, ఫ్యాక్టరీల మురికితో కలిసి విషంగా పోతున్నది. నగరం దిగువన ఆ నీళ్ళతోనే ఏళ్ళ తరబడి పశుగ్రాసం పెంచారు. ఇంతకన్నా పెద్ద కథావస్తువు మన పేటలో ఇంకేముంటుంది? ఇరవై ఏళ్ళు ఆ దారిన బడికి తిరిగినవాణ్ణి, నేనూ గమనించలేదు.

ఇక ఫుకువోకా సంగతి. 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో తెలుగులోకీ వచ్చిన ఆయన పుస్తకం జపానులో 1975లో వెలువడింది. మన యువ రచయితలు అందులోని శాంతిని మాత్రమే తీసుకున్నారు. నా దృష్టిలో ఆ పుస్తకానికి ఆయువుపట్టు ఒక అపజయం. యోకొహామా కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ ఉద్యోగం చేస్తున్న యువకుడు పెద్ద జబ్బు చేసి లేచాక, మనుషుల తెలివి అంతా వ్యర్థమన్న ఎరుక కలిగి ఉద్యోగం వదిలేశాడు. తండ్రి నారింజ తోటకు వచ్చి, ప్రకృతే చూసుకుంటుందని చెట్లకు కత్తిరింపు మానేశాడు. కొమ్మలు చిక్కుపడ్డాయి, పురుగు పట్టింది, చెట్లు చచ్చిపోయాయి. వదిలెయ్యడం వేరు, ప్రకృతి సేద్యం వేరు అన్న గ్రహింపు ఆయనకు ఆ చచ్చిన చెట్ల దగ్గర మొదలయింది. నిలిచివున్న వరిలోనే తరువాతి పైరు విత్తనం చల్లడం, గడ్డిని తిరిగి పొలం మీదే పరవడం, ఇవన్నీ ఆ తరువాత దశాబ్దాల పరిశీలనలో తేలినవి. కొత్తపేటలో విన్న కథలో ఒక్క మొక్కా చావలేదు. తొలకరికి కొన్న పొలంలో దసరాకల్లా వానపాములు వచ్చేశాయి. అంత త్వరగా నేర్పేది మట్టి కాదు, రచయిత తొందర.

ఇక్కడ ఇంకొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఆ చచ్చిన చెట్లు ఎవరివి? తండ్రివి. తప్పు చేసి నేర్చుకోవడానికి ఒక తోట వుంది ఆయనకు. మన ఊళ్ళో కౌలు రైతుకు అది లేదు. పంట ఒక్కసారి పోతే వచ్చే ఏడు ఆ పొలం ఇంకొకరికి పోతుంది. నేలను బాగుచేసుకోమంటే, ఎవరి నేలనని అతను అడుగుతాడు. ఓర్పు కూడా ఆస్తిని బట్టి దొరికే సరుకే అని మన కొత్త నాయకుడికి తెలియదు. అతని రచయితకైనా తెలియాలి కదా.

అర్ధశతాబ్దం కిందటి వాసిరెడ్డి సీతాదేవి 'మట్టి మనిషి' ఈ విషయంలో మనకు ఎక్కువ నేర్పుతుంది. సాంబయ్యకు నేల ప్రాణమూ, ఆస్తీ కూడా. ఆ రెంటినీ సీతాదేవి విడదీయలేదు. ఎకరం పక్కన ఎకరం చేర్చే అతని ఆశను దాచనూ లేదు, చెమటను తక్కువ చేయనూ లేదు. కొడుకు తరం పట్నంలో నేలను నీళ్ళలా కరగబెట్టాక, మనుమడు రవి తాత దగ్గరికి చేరి సేద్యం నేర్చుకుంటాడు. అతను ఎదిగాడని రచయిత్రి మనకు చెప్పదు, నమ్మేలా చూపిస్తుంది. మట్టి గురించి వ్యాసాలు రాసే నాయకుడు కాడు గనుకనే రవి మనకు నమ్మకం కలిగిస్తాడు. అయితే సాంబయ్య లోకం చివరికి ఒక కుటుంబపు లోకం. నేలతో మనిషి సంబంధం వారసత్వంగానే మిగిలిపోయింది. ఆ నవలకు పరిమితి అక్కడే వుంది.

వారసత్వం లేనివాళ్ళు కూడా ఈ చదువు చదివిన చోటు ఒకటి వుంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు. స్వచ్ఛంద సంస్థల మీద మనకు అనుమానాలు వున్నాయి, వుండాలి కూడా. అయినా అక్కడి ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, పడావు పడ్డ నేలల్లో జొన్న, కొర్ర, కంది, అనుము కలిపి వేసి, బూడిదా వేపాకూ కలిపి విత్తనం దాచి, అడిగినవాళ్ళకు బదులిచ్చి, మరికొంత కలిపి తిరిగి తీసుకోవడం అనుమానంతో కొట్టిపారేయవలసిన విషయం కాదు. నీళ్ళు పెట్టకుండా మంచుతోనే పండే పంటలను వాళ్ళు సత్యం పంటలు అంటారు. ఎంత మంచి మాట! 2008లో వాళ్ళదే ఒక రేడియో వచ్చింది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒకప్పుడు ఇతరుల విత్తనం కోసం చేయి చాచినామె ఇప్పుడు ఇంకొకామెకు విత్తనం కొలిచి ఇస్తుంది. వ్యక్తి వికాసమన్న మాటకు ఇంతకన్నా గట్టి అర్థం నాకు తోచలేదు. దీనికి సంఘం కావలసివచ్చింది. రెండెకరాల ఒంటరి నాయకుడికి లేనిది అదే.

పలాయనవాదం అన్న మాట ఆ రోజు నా నోటినుంచి ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్పాలి.

ఎనిమిదేళ్ళ కిందట ఒక కొత్త రచయిత్రి, వృత్తిరీత్యా నాలాగే టీచరు, తన కథ తెచ్చి చూపింది. పత్తి చేలో కలుపు కూలికి పోయే ఆమె కథ అది. అందులో ఒక పేజీ నిండా ఆమె పీకిన మొక్కలను కొంగులో ఏరుకోవడమే వుంది. తుమ్మికూర ఒక పక్క, జొన్నచెంచలి ఒక పక్క, పొన్నగంటి ఇంకొక పక్క, మిగిలింది గట్టు మీదికి. 'ఈ ప్రకృతి వర్ణన కథాగమనానికి అడ్డు, వర్గ సంఘర్షణ దగ్గరికి త్వరగా రండమ్మా' అన్నాను. ఆమె ఆ పేజీ తీసేసింది. కథ అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా.

కొత్తపేట సమావేశానికి ముందటి ఏడు, సద్దుల బతుకమ్మ ముందు రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన గునుగు పూలు బేరమాడుతున్నాను. కట్ట చిన్నది, ధర పెద్దది. అదేమిటమ్మా అంటే అమ్మే ఆమె కసిరింది: 'గునుగు యాడుంది సారూ? చేన్లన్ని గడ్డిమందు కొడ్తుండ్రు. మాకు కలుపు కూలి వోయింది, కూరాకు వోయింది, పువ్వు గూడ వోయింది. చెరువు కట్టలంబడి తిరిగి తెచ్చినం.'

కూలీ, కూరా, పువ్వూ. మూడూ ఒకే మొక్కల గుంపు మీద ఆధారపడి వున్నాయి. నేను కొట్టేయించిన పేజీలో వున్నది ఇదే. అది వర్ణన కాదు, ఆ స్త్రీ కూలిలో డబ్బుగా లెక్కకురాని భాగం. గడ్డిమందు దాన్ని చేలోంచి తీసేసింది, నేను కథలోంచి తీసేశాను. అలంకారశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాబట్టి ప్రకృతి అనగానే ఉద్దీపన విభావమని తోచింది. అభ్యుదయ విమర్శ చదువుకున్నవాణ్ణి కాబట్టి అది అనవసరమనీ తోచింది. రెండు చదువులూ కలిసి ఆ కొంగును చూడనివ్వలేదు.

ఆ యువ రచయితకు తరువాత విడిగా చెప్పాను: మీ రెండెకరాల్లో కలుపు ఎవరు తీశారు? ఆమెకు ఎంత ఇచ్చారు? ఆమె ఇంటికి ఏం తీసుకుపోయింది? మీ నాయకుడి నిద్ర సంగతి ఆ తరువాత రాయండి. అతను కొంచెం నొచ్చుకున్నాడు. కథ తిరగరాస్తున్నానని మొన్న ఫోను చేశాడు.

రచయిత్రికి కూడా ఫోను చేశాను. ఆ పేజీ వుంటే చూడాలని వుందమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. 'మీరు తీసెయ్యమన్నారు కదా సార్, ఉంచుకోలేదు' అంది.