తాళం తిప్పనివ్వని మెకానిక్కు

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లను చూసిన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కారు మెకానిక్కుది చాలా విలువైన విద్య. కారు నీట మునిగిందంటే మంచి మెకానిక్కు మొదటి మాట ఒకటే: "బాబూ, తాళం తిప్పకండి." ఇంజిన్ని కాపాడేది ఆ మాటే. ట్యాంకులోకి వెళ్లిన నీరు పెట్రోలు కన్నా బరువు, అందుకే అడుగుకు చేరుతుంది. పంపు పీల్చేదీ అడుగునుంచే. అందుకే ఆయన ట్యాంకు ఖాళీ చేసి, కాస్త పెట్రోలు గాజుసీసాలో పోసి తేరనిస్తాడు. గీత గీసినట్టు నీరు కింద విడిపోతుంది. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుతో చిక్కెక్కువ: అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది, హద్దు దాటితే ఇథనాల్ కూడా నీటితో పాటే కిందికి దిగిపోతుంది. ఆ పెట్రోలు మళ్లీ పోయడానికి ఆయన ఒప్పుకోడు. ఫిల్టరు మార్చి, పైపులు, ఇంజెక్టర్లు శుభ్రం చేశాకే కొత్తది పోస్తాడు. ఆ ఓపికకు తగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.