పదిహేను మేకలు, మూడు పులులు, ఒక ముట్టడి

గోడ బయట గుర్రపు దండు, లోపల పట్టుమని పదిమంది. 1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ లాంటి మధ్యయుగపు వ్యూహక్రీడలు ఆడేవాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. ఉన్న కాస్త రాయితో గోడ లేపాలా, ధాన్యం కూడబెట్టాలా, ఏ సందు మూసి ఏ సందు వదలాలి? ఇదే చిక్కును కరెంటు అక్కర్లేకుండా, ఒక బొగ్గుముక్కతోనూ గుప్పెడు చింతగింజలతోనూ పెట్టే ఆట మన అరుగుల మీద ఎప్పటినుంచో ఉంది. తెలుగువాళ్లకు అది పులి-మేక లేదా పులిజూదం. చెన్నైలోని మనలిలో పక్కింటి తమిళులను అడిగితే ఆడుపులి ఆట్టం అంటారు. హంపి శిథిలాల్లో రాతిపలకల మీద ఇలాంటి ఆటల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

పలక గీయడం రెండు నిమిషాల పని. పైన ఒక కొన. అక్కణ్నుంచి కిందికి విచ్చుకునే నాలుగు గీతలు, వాటి కొసలను కలుపుతూ అడుగున ఒక గీత. ఈ త్రిభుజం మీద అడ్డంగా, రెండు పక్కలా బయటికి వచ్చేలా ఒక దీర్ఘచతురస్రం. దాని నడుమ మరో అడ్డగీత. గీతలు కలిసే కూడళ్లు మొత్తం 23.

ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. అన్నీ దిగేదాకా అవి కదలకూడదు. పులి మాత్రం ఆ లోపలే తిరుగుతుంది. పక్కనున్న మేక మీదుగా అదే గీత వెంట అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. మేక కొట్టలేదు, చుట్టుముట్టి పులిని కట్టగలదు, అంతే. ఎన్ని మేకలు పోతే ఓటమి అన్నది ఊరికో రకం.

పంజా లేని ఈ మంద ఎలా నిలబడుతుంది? పలకను కాస్త తీరిగ్గా చూస్తే జవాబు దొరుకుతుంది. దీర్ఘచతురస్రం నాలుగు మూలలు, పై కొన, అడుగు గీత రెండు చివరలు: ఈ ఏడు చోట్ల ఉన్న మేకను ఏ పులీ కొట్టలేదు. గీతలన్నీ అక్కడే ఆగిపోతాయి, దూకి దిగడానికి అవతల చోటుండదు. తెలిసినవాళ్లు మొదటి మేకలను అక్కడే దింపుతారు. పక్క గీత మీద పై మూలా కింది మూలా నిండాక నడుమ మూడోది పెడితే, ఆ మూడూ కలిసి గోడ. అడుగు వరసలో నాలుగూ నిండితే అది ఇంకో గోడ. రెండు పక్కలా మూడేసి, అడుగున నాలుగు, వెరసి పది మేకలతో మూడు వైపులా ప్రాకారం లేస్తుంది. ఆ తర్వాత దిగే ప్రతి మేకా వెనక ఒక తోడు చూసుకుని ముందుకు జరుగుతుంది. తోడు లేకుండా నడిబొడ్డున దిగిందా, పులికి విందే.

అయితే గోడ లేచేదాకా పులి చేతులు ముడుచుకుని కూర్చోదు. ముందే వెళ్లి మూలలో పాతుకుంటే మేకలకు కోట కొట్టేసినట్టే కదా అని కొత్తవాళ్లు అనుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. మూలలోని పులికి రెండే దారులు; దారికి రెండేసి చొప్పున నాలుగు మేకలు చాలు, అది కట్టుబడిపోతుంది. నాలుగు దారుల కూడలిలో నిలబడితే అదే పులిని కట్టడానికి ఎనిమిది మేకల దాకా కావాలి. మూడు పులులూ అలాంటి చోట్ల ఎడంగా నిలిస్తే పదిహేను మేకలు ఏ మూలకూ రావు. కొద్దిమంది ఎక్కువమందిని తట్టుకునే కిటుకు ఇదే: దాక్కోవడం కాదు, దారులు చేతిలో ఉంచుకోవడం.

మేకలకు అసలు గండం అన్నీ దిగాక మొదలవుతుంది. 23 కూడళ్లలో పద్దెనిమిది నిండి, అయిదు ఖాళీ. గోడ ఎంత గట్టిదైనా వంతు వచ్చినప్పుడు ఏదో ఒక మేక కదలక తప్పదు. ముందుకు జరిగితే వెనక ఖాళీ, ఖాళీ అంటే పులి దిగే చోటు. ఒక్క మేకా పోకుండా గెలవాలంటే ఆ అయిదు ఖాళీలూ పులులకు అందని వెనకవైపు చేరాలి. ఆట ఆరంభంలో మందను ముట్టడించిన పులి చివరికి తానే ముట్టడిలో ఉంటుంది.

మనలికి దక్షిణంగా, సముద్రపు ఒడ్డున ఇది నిజంగానే జరిగింది. 1758 డిసెంబర్ 14న ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసులోని బ్లాక్ టౌన్‌ను ఆక్రమించి సెయింట్ జార్జి కోటను ముట్టడించాడు. లోపల ఇంగ్లిషు గవర్నర్ పిగట్, సేనాధిపతి స్ట్రింగర్ లారెన్స్. కోటకు సముద్రం వైపు దారి మిగిలింది. బయట చెంగల్పట్టు వైపు నుంచి కెప్టెన్ ప్రెస్టన్, యూసుఫ్ ఖాన్ ఫ్రెంచివాళ్ల వెనకభాగాన్ని, సరుకులొచ్చే దారులను వేధిస్తూనే ఉన్నారు. గోడ ముందుకు జరిపిన లాలీ వెనక ఖాళీ చూసుకోలేకపోయాడు. 1759 ఫిబ్రవరి 16న ఇంగ్లిషు ఓడలు కనిపించాయి. మర్నాడే అతను ముట్టడి ఎత్తేశాడు.

అంతకుముందు 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోటకు మాత్రం సాయం వచ్చే అలాంటి దారే లేకపోయింది.

బలాబలాలు సరితూగని ఈ పోరును ఆటగా మలిచింది మనమొక్కళ్లమే కాదు. 1732లో లాప్లాండ్ వెళ్లిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ అక్కడి తాబ్లుత్ ఆటను రాసిపెట్టుకున్నాడు: నడుమ రాజు, చుట్టూ ఎనిమిదిమంది కాపలా, నాలుగు వైపులా పదహారుమంది శత్రువులు. రాజు అంచుకు చేరితే గెలుపు. నేపాల్ వాళ్ల బాఘ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్‌తో దాన్ని ఛేదించి, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఎవరూ గెలవరని తేల్చారు. అంటే అక్కడ మూగ మందా పులీ సరిసమానమే. తేడా అంతా ఆడేవాళ్ల చేతిలో ఉంది. అందుకే ఈ ఆటలో ఒక్క పందెంతో ఎవరి ఘనతా తేలదు. పక్షాలు మార్చుకుని మళ్లీ ఆడాలి. పులులతో గెలిచినవాళ్లు మేకలతోనూ గెలిస్తేనే వాళ్లు ఆటగాళ్లు.