చెంచా నిలబడితేనే స్నెర్ట్

నెదర్లాండ్స్‌లో హోటలు మెనూ మీద ఎర్వ్‌టెన్‌సూప్ అని ఉంటుంది, ఇళ్లలో మాత్రం స్నెర్ట్ అంటారు. యూరప్ చలికాలపు వంటల్లో దీన్ని మించింది లేదంటాను. పక్షపాతం అనుకుంటే అనుకోండి! ఎండు పచ్చబఠాణీ పప్పు, పంది మాంసం, నాలుగు దుంపలు, ఒక సాసేజ్. ఇంత మామూలు సరుకుతో అంత రుచి తీయడం అక్కడి ఇల్లాళ్ల ఘనత. ఏడాదంతా నిలవుండే బఠాణీ కాబట్టి పేదల పొయ్యి మీదే పుట్టిందంటారు. చరిత్ర అంతటితో చాలు, పనితనం చూద్దాం.

అరకిలో బఠాణీ పప్పు కడిగి, రెండు లీటర్ల నీళ్లలో పంది పక్కటెముకలతో కలిపి పొయ్యి మీద పెడతారు. దొరికితే పంది కాలు కూడా వేస్తారు, దాని జిగురే సూప్‌కి బలం. పొంగు రాగానే నురగ తీసేసి సెగ తగ్గించాలి. గంట దాటాక సెలెరియాక్ దుంప, క్యారట్, బంగాళాదుంప, లీక్ కాడలు, ఉల్లిపాయ ముక్కలు పడతాయి. ఇక్కడినుంచే అసలు పరీక్ష. పప్పు కరిగేకొద్దీ గిన్నె అడుగంటుతుంది, చెక్క గరిటె ఆగకూడదు. మాంసం ఎముక వదిలాక తీసి, ముక్కలు చేసి మళ్లీ కలుపుతారు. రోక్‌వోర్స్ట్ అనే పొగబెట్టిన సాసేజ్‌ని చివర్లో వేసి వెచ్చబెడతారంతే. మరిగించారా, తోలు పగిలి రసమంతా పోతుంది. ఉప్పు కూడా ఆఖర్నే, మాంసంలో ఉన్న ఉప్పు తేలాక.

దించాక తినేయరు చూడండి, అదీ వాళ్ల ఓపిక! ఒక రాత్రి ఆగితే మన ముద్దపప్పులా గట్టిపడుతుంది. మర్నాడు వెచ్చబెట్టి చెంచా గుచ్చితే నిటారుగా నిలబడాలి. పక్కన నల్లటి రై రొట్టె మీద కాటెన్‌స్పెక్ అనే పొగ పంది మాంసం, ఆవాల ముద్ద. ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు రొట్టె అయితే మరీ మంచిది.

ఈ వంటకి గ్రోనింగెన్‌లో ప్రపంచ పోటీలే పెట్టారు. కాలువలు గడ్డకట్టిన ఏడు మంచు మీదే కూక్-ఎన్-జోపీ బడ్డీలు వెలుస్తాయి, స్కేటింగ్ చేసేవాళ్లు ఆగి వేడివేడి స్నెర్ట్ తాగిపోతారు. ఫ్రీస్‌లాండ్ పదకొండు ఊళ్లను చుట్టే దాదాపు 200 కిలోమీటర్ల స్కేటింగ్ పందెం మాత్రం 1997 తర్వాత జరగనేలేదు. అంత మందాన మంచు కడితేగా!

మంచు పోవడం మన చేతిలో లేదు, రుచి పోవడం ఉంది. డబ్బా మూత తీసి రెండు నిమిషాలు వెచ్చబెట్టిన దాన్ని స్నెర్ట్ అంటే ఒళ్లు మండుతుంది. పిండి కలిపితే చిక్కబడుతుంది, మిక్సీలో తిప్పినా చిక్కబడుతుంది. కానీ పప్పు తనంతట తాను కరిగి ఇచ్చే చిక్కదనం వేరు. అది గంటల తరబడి సెగ మీద కూర్చున్నవాళ్లకే దక్కుతుంది. అసలైన పొగ చూడని, పొగ వాసన ద్రవం పోసిన సాసేజ్ గురించి చెప్పనే అక్కర్లేదు.

నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లారా, సూపర్ మార్కెట్లో డబ్బాల వరస దాటి ముందుకు నడవండి. పప్పు ఉడకబెట్టడం మీకెవరూ నేర్పక్కర్లేదు. మాంసం తినరా, మానేయండి, క్షమిస్తాను. సెలెరియాక్ మానేస్తే మాత్రం క్షమించను. ఆ పరిమళం లేనిది ఉత్త బఠాణీ పప్పే!