మజ్జిగ లేని తిండి

దేహభారము తగ్గించుకొనవలెనని సంకల్పించిన మనుజునకు ఉదయకాలమున ధైర్యము చెప్పువారెవరును అక్కరలేదు. అప్పుడు ఆకలి మందముగాను, మనస్సు నిర్మలముగాను, నియమము దృఢముగాను ఉండును. మధ్యాహ్నభోజనమునందును కొంతవరకు మర్యాద పాటింపవచ్చును. అసలు పరీక్ష సాయంకాలము అయిదున్నర గంటలకు, ఆఫీసు పని ముగించి యిల్లు చేరి, చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని, కుర్చీలో చేరగిలబడిన పిదప, "కాఫీతో పాటు ఏమైనా ఉందా?" యను ప్రశ్న తనంతట తాను నోటినుండి వెలువడు క్షణమున ఆరంభమగును. ఆ ప్రశ్నకు లేదను సమాధానము వచ్చుట తెలుగువారి యిండ్లలో అరుదు. జంతికలో, చేగోడీలో, కారప్పూసయో, ఏవియు లేకున్న మరమరాలలో ఉల్లిపాయలు తరిగి పోసి, ఇంత కారమును నూనెయు కలిపినదో, ఏదో యొకటి ఉండనే యుండును.

ఇది యొక వ్యక్తి దౌర్బల్యమనుట కంటె ఒక జాతి దినచర్య యనుట న్యాయము. ప్రొద్దు పడమటికి వ్రాలినది మొదలు తెలుగుదేశమంతయు ఏదో యొకటి నములుచునే యుండును. బెజవాడ వీథులలో పునుగుల బండ్లపై దీపములు వెలుగును. విశాఖ సముద్రతీరమున మురీ మిక్చరు పొట్లములు చేతులు మారుచుండును. రాయలసీమలో బొరుగులకు కారము పట్టింతురు. తెలంగాణమున సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో నున్నంత కాలము సాయంకాలమునకు లోటు లేదు. హైదరాబాదు ఇరానీ హోటళ్లలో చాయితో ఉస్మానియా బిస్కత్తు గాని చిన్న సమోసా గాని లేనిచో కూర్చున్నట్లే యుండదు. సముద్రములు దాటి డల్లాసునకో మెల్‌బోర్నునకో చదువులకు పోవు మన పిల్లల పెట్టెలలో పుస్తకముల కంటె ముందుగా చోటు చేసికొనునవి తల్లులు కట్టి యిచ్చిన జంతికల పొట్లములే.

మా వీథి మలుపున నొక బజ్జీల బండి కలదు. ఆ బండివాని పనితనము దగ్గరనుండి చూచినవారికి మిరపకాయ బజ్జీ యెంత శ్రమఫలమో తెలియును. పొడుగాటి మిరపకాయను నిలువున చీల్చి, గింజలు దులిపి, వాము, ఉప్పు, చింతపండు గుజ్జు కలిపిన ముద్దను లోపల పట్టించి, జారుగా కలిపిన శనగపిండిలో ముంచి, కాగుచున్న నూనెలోనికి విడుచును. సగము వేగగానే పైకి తీసి పళ్లెములో గుట్టగా పోయును. గిరాకి వచ్చినప్పుడు వానినే మరల నూనెలో వేసి ఎఱ్ఱగా వేయించి, పొట్ట చీల్చి, సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి, వార్తాపత్రిక ముక్కలో పెట్టి చేతికిచ్చును. రెండుమారులు నూనెలో మునిగి తేలిన ఆ పదార్థము సోకిన కొన్ని క్షణములకే కాగితము చెమ్మగిల్లి, అవతలిప్రక్క అక్షరములు ఇవతలికి కనబడసాగును. ఆ అక్షరములు ఒక్కొక్కప్పుడు ఆరోగ్యసూత్రములకు సంబంధించినవై యుండుట కూడ కలదు. వానిని చదువుటకై తినుట ఆపినవారిని మాత్రము నేనింతవరకు చూచి యుండలేదు.

నూనె సంగతి ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. పిండిపదార్థము గాని మాంసకృత్తు గాని గ్రామునకు 4 కెలోరీల శక్తి నిచ్చును. కొవ్వు 9 ఇచ్చును. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కెలోరీలు ఇమిడి యున్నవి. 70 కిలోల మనుష్యుడు మామూలు వడితో అరగంట నడచినచో వ్యయమగునదియు దాదాపు అంతే. అనగా ఉదయమున చెమటలు క్రక్కుచు పార్కు చుట్టును ప్రదక్షిణములు చేసి ఖర్చుపెట్టినదానిని, సాయంకాలము నాలుగు పునుగులు నోట వేసికొను వ్యవధిలో మరల కూడబెట్టుకొనుచున్నామన్నమాట. నడక వలన గుండెకును, కీళ్లకును, చిత్తమునకును కలుగు మేలు వేరు, దానిని తక్కువ చేయరాదు. కాని నడకను నమ్ముకొని నాలుకను విడిచిపెట్టినవాని నడుము సన్నగిల్లుట దుర్లభము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర ఈ సందర్భమున తలచుకొనదగినది. 1918లో కూనూరునందు రాబర్టు మెకారిసను బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒకే యొక గదిలో నెలకొల్పిన ప్రయోగశాల, క్రమముగా పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు దాల్చినది. తిండి చాలకయు, తిన్న తిండిలో సారము లేకయు కలుగు రోగముల చింతతో పుట్టిన సంస్థ నేడు నూనె, చక్కెర, ఉప్పు తగ్గించుకొనుడని మనకు హితవు చెప్పవలసిన కాలము వచ్చినది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశవ్యాప్తముగా జరిగి 2023లో వెలువడిన సర్వేక్షణము, పెద్దవారిలో నూటికి 28.6 మందికి స్థూలకాయమును, 39.5 మందికి ఉదరస్థూలతయు కలవని తేల్చినది. మన దేశమువారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన నడుము ప్రమాదసూచకమని వైద్యుల నిర్ణయము. కరవులు చూచిన తాతలకు మనుమలము గదా మనము. ఆకలి నెట్లు తీర్చుకొనవలెనో నేర్పినవారు మనకు కలరు గాని, తీరిన ఆకలితో నేమి చేయవలెనో నేర్పినవారు అరుదు.

పగలెల్ల బుద్ధిమంతుడై యుండిన మనుష్యుడు సాయంకాలముననే యేల లొంగిపోవును? అమెరికాలో ఫ్రాంక్ షీర్ మొదలగువారు 2013లో ప్రకటించిన పరిశోధన యొకటి దీనికి కొంత సమాధానము చెప్పుచున్నది. వారు 12 మంది ఆరోగ్యవంతులను 13 దినములు మసకవెలుతురులో నుంచి, నిద్రాభోజనములను రాత్రింబవళ్లతో నిమిత్తము లేకుండ జరిపి చూడగా, శరీరములోని స్వంత గడియారమును బట్టి ఆకలి ఉదయము 8 గంటల ప్రాంతమున అత్యల్పముగాను, రాత్రి 8 గంటల ప్రాంతమున అత్యధికముగాను ఉండెను. తీపి, ఉప్పు, పిండివంటకముల మీది కోరికయు ఆ వేళనే హెచ్చెను. కావున ప్రొద్దు గ్రుంకు వేళ డబ్బా వైపునకు చేయి చాచువానిని చూచి శీలము లేనివాడని నిందించుట అన్యాయము. దేహము తన ధర్మము తాను నెరవేర్చుచున్నది. దానికి తోడు, యజమాని మాట వినవలసిన పగటికిని, ఇంటి బాధ్యతలు మీద పడు రాత్రికిని నడుమ మనుష్యునకు తనదని చెప్పుకొనదగిన గడియ యిది యొక్కటే; ఆ గడియలో నోటికి దొరకు కరకరధ్వనిలో స్వాతంత్ర్యపు రుచి కూడ కొంత కలిసి యుండును.

మరి నిషేధించినచో? మన పెద్దలు నిషేధించుటయందు తక్కువవారు కారు. ఏకాదశులు, ఏకభుక్తములు, శనివారపు నియమములు ఎన్ని కలవు! కాని శనివారము రాత్రి అన్నము మానిన భక్తుని పళ్లెములోనికి జీడిపప్పు వేసిన ఉప్మాయు, దాని వెనుక నేతితో కాల్చిన పెసరట్టును, పైన అరటిపండ్లును వచ్చి చేరుట మన మెరుగనిది కాదు. అన్నమొక్కటి అలిగిపోగా దాని బంధువులందరును విందునకు వచ్చిరి. కఠినోపవాసమైన గెలుచునా యన్న, దానికిని సాక్ష్యము కలదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచున్న దినములలో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని మినెసోటాలో 36 మంది యువకులకు వారి సమ్మతితో నెలల తరబడి అర్ధాహారము పెట్టి పరీక్షించెను. వారు చిక్కిపోయిరి, నిజమే. కాని వారి తలంపులన్నియు తిండి చుట్టునే తిరుగజొచ్చెను, కొందరు వంటల పుస్తకములు సేకరించి చదువుకొనిరి, దేహమును తన వ్యయమును తగ్గించుకొని ఉన్నదానిని పట్టుకొనజూచెను. తిండిని మనస్సునుండి తరుమదలచినవాడు దానికి మనస్సులో సింహాసనము వేయుచున్నాడనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈ విషయమును నేను చాలకాలము త్రిప్పి త్రిప్పి యాలోచించిన మీదట నాకు తోచిన దేమనగా, చిరుతిండి దోషము దాని నూనెలో సగమే యున్నది. తక్కిన సగము దానికి ముగింపు లేకపోవుటలో నున్నది. మన భోజనమును చూడుడు. కూర్చుండుటతో మొదలు, పప్పు, కూర, పచ్చడి నేతితో నడచును, పిదప పులుసో చారో వచ్చును, చివర పెరుగో మజ్జిగయో. మజ్జిగతో అన్నము కలిపినవాని విస్తరిలో మరల పప్పు వడ్డించు సాహసము ఎంత కొసరివడ్డించు ఇల్లాలును చేయదు. అక్కడికి సరి యని తినువానికిని తెలియును, పెట్టువారికిని తెలియును. ఉత్తరాపోశనము పట్టి లేచెడి పెద్దల కది మంత్రపూర్వకమైన ముగింపు. మనకు చేయి కడుగుకొనుట మాత్రము మిగిలినది. ఐనను ముగింపు ముగింపే. కుక్షిని నాలుగు భాగములుగా భావించి రెండింటిని అన్నముతోను, ఒకదానిని పానీయముతోను నింపి, నాలుగవదానిని వాయువునకై విడువుమని అష్టాంగహృదయమున వాగ్భటుడు చెప్పినదియు, మున్ను తిన్నది అరుగక మునుపే మరల తినరాదని మన వైద్యశాస్త్రములు హెచ్చరించినదియు ఈ హద్దును గూర్చియే. చిరుతిండి కట్టి హద్దేదియు లేదు. నిలుచుండి తినవచ్చును, నడచుచు తినవచ్చును, టీవీలో క్రికెట్టు చూచుచు తినవచ్చును. చేతి కంటునది కాదు గనుక కడుగుకొను పనియు లేదు. ఆకలి తీరినదా యని అడుగుటకు వీలు లేదు, ఆకలితో మొదలుపెట్టలేదు గనుక. గుమ్మము లేని యింటిలోనికి ఎవరైనను ఎప్పుడైనను వచ్చినట్లు అది వచ్చుచునే యుండును. దానికి ముగింపు డబ్బా అడుగొక్కటే.

అందువలన నేను చిరుతిండిని మానుటకు ప్రయత్నించుట విరమించి, దానికి భోజనమర్యాద నేర్పుటకు ప్రయత్నించుచున్నాను. నియమములు స్వల్పములు. తినదలచినదానిని డబ్బానుండి చిన్న పళ్లెములోనికి తీసి, మూత బిగించి, డబ్బాను అటకమీది కెక్కించిన తరువాతనే కూర్చుండవలెను. కూర్చున్నప్పుడు పళ్లెము తప్ప ఎదుట ఫోను గాని, పత్రిక గాని ఉండరాదు. వారములో అధికదినములు పళ్లెములో నుండునవి ఉడికించి పోపు పెట్టిన శనగ గుగ్గిళ్లు; వానిలోని పీచును మాంసకృత్తులును కడుపులో చాల సేపు నిలుచును గనుక రాత్రి భోజనమునందు కూడ తొందర తగ్గును. పళ్లె మెట్టిదైనను చివర నొక గ్లాసెడు పలుచని మజ్జిగ, ఉప్పును కరివేపాకును వేసినది, త్రాగవలెను. పిదప చేతులు కడుగుకొని లేవవలెను. మజ్జిగలో మహిమ యేదియు లేదు. ఐనను పుట్టినది మొదలు మజ్జిగ పిదప లేచుట యలవడిన దేహమునకు ఆ పులుపు నాలుక మీద పడగానే "అయినది" యను సంగతి అర్థమగును. జంతిక మీద మజ్జిగ త్రాగినవానికి మరల జంతిక మీద మనసు పోవుట కష్టము. నమ్మనివారు పరీక్షించి చూడవచ్చును.

ఈ సాధనకు విఘ్నములు లేవని కాదు. మొన్న మా పినతల్లి యింటికి పోగా, ఆమె నన్ను తేరిపార జూచి, "ఒరేయ్, ఏమిట్రా ఇలా చిక్కిపోయావు? ఒంట్లో బాగుండటం లేదా?" యని కంగారుపడినది. నెలల తరబడి శ్రమపడి సాధించిన దానికి లభించిన ప్రశంస యది! అంతలో అరిసెల పళ్లెము వచ్చినది. "వద్దు పిన్నీ" యంటిని. "వద్దంటే ఎలాగురా? రెండే పెట్టాను. రెండంటే ఎంత? నీ కోసమే చేశాను" అన్నది. ఆమె కన్నులలోని ఆపేక్షను కెలోరీలలో లెక్కించు శాస్త్రము ఇంకను పుట్టలేదు. ఒకటి తింటిని, నిదానముగా, నువ్వుల కమ్మదనము తెలియునట్లుగా తింటిని, మజ్జిగ అడిగితిని. అరిసె మీద మజ్జిగ యేమిటని ఆమె విస్తుపోయి, ఐనను తెచ్చి యిచ్చినది. రెండవ అరిసె పళ్లెములోనే యుండిపోయినది.

బరువు తగ్గినదా యని అడుగువారికి, తగ్గుచున్నది, మెల్లగా తగ్గుచున్నది యని మాత్రము చెప్పగలను; ఒక్కొక్క వారము ముల్లు కదలదు, ఒక్కొక్క పండుగకు వెనుకకు నడచును, ఐనను బెల్టు రంధ్రములు అబద్ధమాడవు. దీనికంటె నేను విలువైనదిగా ఎంచు లాభము వేరొకటి కలదు. తింటే గారెలే తినవలెనని చెప్పిన మన పూర్వులు, వినదగినదానితో సమముగా తినదగినదానిని నిలిపిరి. ఎంత గొప్ప కథయైనను చెవినొకప్రక్క ఉంచి వినినచో భారతమైనను బుఱ్ఱకెక్కనట్లే, మనసు నెక్కడనో యుంచి తిన్న గారెకు రుచి యుండదు. నా పూర్వపు సాయంకాలములలో నేను తిన్న జంతికలలో ఒక్కదాని రుచియైనను నాకు జ్ఞప్తికి రాదు. ఇప్పుడు వారమునకొకమారు పళ్లెములో పెట్టుకొని తిను బజ్జీలో వాము ఎక్కడ పంటికి తగిలినదో కూడ చెప్పగలను. కావున సాయంకాలము పునుగులు వేయదలచి, నన్ను పిలిచిన నియమభంగమగునేమో యని సంకోచించు మిత్రులెవరైన నున్నచో నిస్సంశయముగా పిలువవచ్చును. కూర్చుండుటకు పీట యొకటి, చిన్న పళ్లెమొకటి, చివరకు మజ్జిగ గ్లాసొకటి సిద్ధపరచిన చాలును.