చదివి వినిపించగా విని...

ఏ దస్తావేజు తీసుకున్నా ఆఖర్లో ఒక మాట ఉంటుంది. ఇందలి విషయములన్నియు నాకు చదివి వినిపించగా విని, అర్థము చేసుకొని, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టపూర్వకముగా వ్రాయించి ఇచ్చితిని అని. ముప్పై ఏళ్లుగా దస్తావేజు లేఖరిగా ఈ మాట రాస్తున్నాను. మొదట్లో ఆలోచించకుండా రాసేవాణ్ణి. కాగితం నిండేది, వేలిముద్ర పడేది, నా రుసుము నాకు వచ్చేది. ఇప్పుడు ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది. నేను చదివానా? రాసిచ్చే మనిషి విన్నదా? రెండూ జరక్కుండా ఆ మాట రాస్తే అది అబద్ధం. దాని మీద సాక్షుల సంతకాలు పడి, సర్కారు ముద్ర కూడా పడుతుంది.

ఆ మధ్య ఒకావిడను ఆటోలో తీసుకొచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. వెంట వచ్చింది చెల్లెలి కొడుకు. డ్రాఫ్టు ముందే ఎక్కడో టైపు చేయించి తెచ్చాడు. "గురువుగారూ, చదవక్కర్లేదు, స్లాట్ టైమైపోతోంది, వేలిముద్రలు వేయించెయ్యండి" అన్నాడు. ఆవిడ బల్ల మీద కూర్చుని, రొంటిన దోపుకున్న చిన్న సంచి తడుముకుంటోంది. "బాబూ, నువ్వలా వెళ్లి టీ తాగి రా" అని అతన్ని పంపించాను. అతనికి నచ్చలేదు. అయినా వెళ్లాడు.

"పిన్నిగారూ, ఏం కాగితం రాయించుకుంటున్నారు?"

"బ్యాంకు కాగితం నాయనా. ఆ మెట్లు ఎక్కలేకపోతున్నా. పింఛను వీడే తెస్తానన్నాడు."

డ్రాఫ్టు తీసి చూశాను. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే జీపీఏ. అధికారాలు పదకొండు. పింఛను సంగతి మూడోది. ఐదోది చూస్తే స్థిరాస్తిని అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, పైకము పుచ్చుకొనుటకు. కింద షెడ్యూలులో ఎనభై సెంట్ల కొబ్బరితోట, నాలుగు హద్దులతో సహా. "మీ తోట అమ్మే హక్కు కూడా ఇందులో రాశారండీ" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "నేనుండగా తోట అమ్మడమేంటి?" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి, "వాణ్ణి కాదంటే మందులెవరు తెస్తారు నాయనా నాకు?" అంది.

మేం రాసే వాక్యంలో 'ఎవరి బలవంతమూ లేకుండా' అన్న ముక్క ఉంటుందే, దాని అసలు బరువు ఆ రోజు తెలిసింది. బలవంతమంటే చెయ్యి మెలిపెట్టడమే అనుకుంటాం. రోజూ అన్నం క్యారియరు తెచ్చే మనిషి ఒక్కపూట మొహం ముడుచుకున్నా అది బలవంతమే.

బ్యాంకు పనికి మాత్రమే, ఒక్క ఖాతాకే, ఏడాదికే పరిమితమైన స్పెషల్ పవర్ రాసిస్తానన్నాను. అతను డ్రాఫ్టు లాక్కుని ఆవిడను ఆటో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నాలుగు నెలల తర్వాత డాలస్ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసి ఆ తోటకు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించమంది. ఆ తోట అమ్ముడుపోయింది. కొన్నది అతని భార్యే. ఆ పదకొండు అధికారాల కాగితం ఇంకెవరి బల్ల మీదో పూర్తయిందన్నమాట. వాళ్లు చదివి వినిపించారో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడది కోర్టులో ఉంది. చట్టం ఆవిడ పక్షానే ఉంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. పవర్ పుచ్చుకున్నవాడు యజమానికి చెప్పకుండా ఆ వ్యవహారంలో తనే, పేరు వేరొకరిదైనా, కొనుగోలుదారుగా దిగి, అసలు సంగతి దాచినా, దానివల్ల యజమానికి నష్టం జరిగినా ఆ బేరాన్ని తోసిపుచ్చే హక్కు 215వ సెక్షన్ ఇస్తోంది. అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలని 213వ సెక్షన్ అంటోంది. కానీ ఎనభై దాటిన మనిషి లెక్క అడగడానికి వకీలు కావాలి, ఫీజు కావాలి, వాయిదాలకు తిరిగే ఓపిక కావాలి. అందుకే ఈ రక్షణంతా సంతకానికి ముందే ఉండాలని నా పట్టు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పవర్ ఇచ్చిన మనిషి చనిపోతేనే కాదు, మతి తప్పినా ఆ పవర్ అక్కడితో ఆగిపోతుందని 201వ సెక్షన్ చెబుతోంది. ఇంగ్లండులో మతి తప్పాక కూడా చెల్లే లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. దాన్ని పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో రిజిస్టరు చేయించనిదే వాడకూడదు. ఆ మనిషికి విషయం అర్థమైందని, ఎవరూ ఒత్తిడి చేయలేదని వేరే ఒకరు సంతకం పెట్టి ధ్రువీకరించాలి. మనకు అలాంటి ఏర్పాటు లేదు. మతిమరుపు ముదిరిన తల్లి పేరు మీద కొడుకు పాత జీపీఏతో బ్యాంకుకు వెళ్తుంటాడు. మంచి కొడుకైతే ఆవిడ ఆసుపత్రి ఖర్చుకే. కాకపోతే? అడిగేవాళ్లు లేరు. ఈ లోటు గురించి మన శాసనకర్తలు ఆలోచించాలి.

2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏతో ఆస్తి చేతులు మారదని తేల్చింది. మంచి తీర్పు. రియల్ ఎస్టేట్ దొంగబేరాలకు అడ్డుకట్ట పడింది. అయితే భార్యకో భర్తకో కొడుక్కో కూతురికో బంధువుకో నిజాయితీగా ఇచ్చే పవర్‌కు ఇబ్బంది లేదని కూడా అదే తీర్పులో ఉంది. ఉండాల్సిందే, లేకపోతే ఊళ్లో పని జరగదు. కానీ నా బల్ల ముందు నేను చూసిన మోసాలన్నీ ఆ బంధువుల తలుపులోంచే వచ్చాయి. బయటి మనిషిని ఏ ముసలమ్మా అంత నమ్మదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. వచ్చినవాళ్లను బయటికి పంపి, రాసిచ్చే మనిషికి ఒంటరిగా, గ్రాంథికం వదిలేసి మామూలు మాటల్లో చదువుతాను. తర్వాత ఆ మనిషినే తిరిగి చెప్పమంటాను. చెప్పలేకపోతే ఆ రోజు రాయను. అమ్మకం అవసరం లేకపోతే అమ్మకం మాటే కాగితంలో ఉండదు. కదల్లేని వాళ్లను ఆటోలో మోసుకురానివ్వను. అనారోగ్యంతో రాలేనివారి ఇంటికే సబ్ రిజిస్ట్రారు వెళ్లే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. నలుగురూ తిరిగే ఇంట్లో, పక్కింటివాళ్ల ఎదుట, మనిషి నిజం చెబుతుంది.

ఇచ్చిన పవర్ రద్దు చేసుకోవచ్చా అని భయంభయంగా అడుగుతుంటారు. పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో సొంత హక్కేదీ ముడిపడి లేకపోతే నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. అయితే రద్దు దస్తావేజు బీరువాలో పెట్టుకుంటే చాలదు. రద్దయిన సంగతి ఏజెంటుకు తెలిసినప్పటి నుంచే అతని వరకు, బయటివాళ్లకు తెలిసినప్పటి నుంచే వాళ్ల వరకు అది చెల్లుతుంది. కాబట్టి అతనికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, బ్యాంకుకు రాసివ్వండి, పేపర్లో ప్రకటన వేయించండి.

దూరదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మనవి. అమ్మ ఏదో కాగితం మీద సంతకం పెట్టబోతోందని తెలిస్తే, వీడియో కాల్లో "పెట్టెయ్యమ్మా, వాడు మనవాడే" అనకండి. డ్రాఫ్టు రెండు రోజుల ముందే తెప్పించుకుని చదవండి. తర్వాత అమ్మకు ఫోన్ చేయండి. ఆ మనవాడి ఫోన్‌కు కాదు, పక్కింటావిడ ఫోన్‌కు. ఎవరూ లేని పెద్దలకు 14567 అని ఎల్డర్ లైన్ ఉంది. డబ్బులు పడవు. ఆ నంబరు ఇవాళే పెద్ద అంకెల్లో రాసి మీ ఇంట్లో పెద్దవాళ్ల మంచం పక్కన గోడకు అంటించండి.